జాతీయ జట్టు కోచ్ నేర్పేవాడు కాడు, ఏరేవాడు

కావలి నుంచి ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇది: "అయ్యవారూ, మన దేశపు ఫుట్‌బాల్ జట్టు ఓడిన ప్రతిసారీ కోచ్‌ను మారుస్తున్నారు. విదేశీయుణ్ణి తెస్తే డబ్బు దండగ అంటారు, మనవాణ్ణి పెడితే అనుభవం చాలదంటారు. ఎంపిక మీ చేతిలో ఉంటే కొత్త కోచ్‌ను ఎలా చూసుకుంటారు?"

ఎంపిక నా చేతికి ఎన్నటికీ రాదు కాబట్టి ధైర్యంగానే చెప్తాను. నెల్లూరు జిల్లా పరిషత్ పాఠశాలల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రిల్లు అయ్యవారిగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. అందులో పదకొండు సార్లు జిల్లా పిల్లల జట్టును ఏరి అంతర జిల్లా పోటీలకు వెంటబెట్టుకుని వెళ్ళాను. జాతీయ జట్టుతో పోలిస్తే అది ఏనుగు ముందు ఎలుక. అయినా పని తీరు మాత్రం ఒకటే. పిల్లలు నా బడివాళ్ళు కారు, ఆట నేర్చింది ఎక్కడెక్కడో. నా చేతికి వచ్చేది నాలుగు రోజులు. ఓడితే మాత్రం జవాబు చెప్పుకోవలసింది నేను.

కోచ్ అనగానే తెల్లవారుజామున ఈల ఊదుతూ ఆటగాళ్ళను మైదానం చుట్టూ తిప్పే మనిషి మన కళ్ళకు కడతాడు. క్లబ్బు కోచ్ అయితే నిజంగా అలాంటివాడే. ఏడాదిలో ఎక్కువ భాగం ఆటగాళ్ళు ఆయన ఎదుటే ఉంటారు, ఒకడికి ఎడమ కాలు రాకపోతే మూడు నెలలు కూర్చుని రప్పించగలడు. జాతీయ జట్టు కోచ్‌కు ఆ భాగ్యం లేదు. 2025 దాకా ఉన్న ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ (ఫిఫా) పద్ధతిలో జాతీయ జట్లకు విడిచిపెట్టిన రోజులు మార్చి, జూన్, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చేవి. ఒక్కోసారి దాదాపు పది రోజులు, రెండు మ్యాచ్‌లు. ఆ రోజుల్లో క్లబ్బులు ఆటగాళ్ళను పంపి తీరాలి. మిగతా రోజుల్లో పంపడం వాళ్ళ దయ.

పది రోజులంటే కాగితం మీద బాగానే ఉంది. లెక్క వేసి చూడు. ఆదివారం క్లబ్బుకు ఆడినవాడు సోమవారం రాత్రికి శిబిరం చేరతాడు. మంగళవారం వాడి కాళ్ళు పట్టేసి ఉంటాయి. సైకిలు తొక్కించి, మర్దన చేయించి వదిలేయాలి. బుధవారం ఒక నిండు సాధన. మ్యాచ్‌కు ముందు రోజు చెమట పట్టించే పని ఏదీ పెట్టకూడదు. మ్యాచ్ అయ్యాక మళ్ళీ ఒకరోజు విశ్రాంతి, ఒకరోజు విమానం, ఆపైన రెండో మ్యాచ్. ఎంత పిండినా గట్టి సాధనకు మిగిలేది మూడు పూటలు, అదృష్టం బాగుంటే నాలుగు. ఏడాది మొత్తం కూడితే ఇరవై పూటలు దాటవు. ఇరవై పూటల్లో పాతికేళ్ళ మనిషికి కొత్తగా ఆట నేర్పడం ఎవరి తరమూ కాదు.

అందుకని ఆయన చేయగలిగిన అసలు పని ఏరడం. ఎవరిని పిలవాలి, ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలి, ఎవరిని ఇంటి దగ్గరే ఉంచాలి. కోచ్ ఎంపికలో నేను వెతికేది ముందుగా ఈ కన్ను.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు, ఒంగోలులో నెత్తి మీద మొట్టితే తెలిసింది. 2009లో మా పిల్లల జట్టు పోటీలు అక్కడ జరిగాయి. అంతకు ముందు వేసవిలో నేను ఒక శిక్షణ తరగతికి వెళ్ళి వచ్చాను, కొత్త విద్య తలకెక్కి ఉంది. నాలుగు రోజుల శిబిరంలో మా నలుగురు డిఫెండర్లకు ఆఫ్‌సైడ్ ఉచ్చు నేర్పించాను. అంటే ప్రత్యర్థి బంతిని ముందుకు తన్నే క్షణంలో నలుగురూ ఒకేసారి రెండడుగులు ముందుకు వేయాలి. అప్పుడు వెనక మిగిలిపోయిన ప్రత్యర్థి ఆఫ్‌సైడ్ అవుతాడు, వాడు కొట్టిన గోలు చెల్లదు. నాలుగో రోజు సాయంత్రానికి నలుగురూ ఒకే తాడు కట్టినట్టు కదులుతున్నారు. నా గుండె పొంగిపోయింది.

మర్నాడు మొదటి మ్యాచ్ రాయలసీమ నుంచి వచ్చిన ఒక జట్టుతో. పదో నిమిషంలో గూడూరు పిల్లవాడు ముందుకు అడుగు వేశాడు, ఉదయగిరి పిల్లవాడు వేయలేదు. గోలు. ఈసారి ఉదయగిరి వాడు జాగ్రత్తపడి ముందే కదిలాడు, గూడూరు వాడు భయంతో ఆగిపోయాడు. మళ్ళీ గోలు. మొత్తం ఐదు పడ్డాయి, అందులో మూడు అచ్చం ఒకే తీరు. పిల్లలు గోలు తర్వాత గోలుకు చెయ్యెత్తి లైన్‌మన్ వైపు చూస్తారు, ఆయన జెండా దించుకుని నిలబడతాడు. సాయంత్రం బస్సులో ఎవరూ మాట్లాడలేదు. సింగరాయకొండ దాటాక ఉదయగిరి వాడు మెల్లగా నా సీటు దగ్గరికి వచ్చాడు. "సార్, మా బడిలో ఆడినట్టు ఆడి ఉంటే రెండే పడేవి కదా సార్" అన్నాడు. వాడు ఎత్తిపొడవలేదు, నిజంగా లెక్క వేసుకుని అడిగాడు. ఇప్పటిదాకా నా ఆట మీద ఎవరు చేసిన విమర్శలోనూ అంత పస లేదు.

మరుసటి ఏడు నేను నేర్పడం మానేసి చూడడం మొదలుపెట్టాను. నెల్లూరులో ఎంపికల రోజున నూరు మందికి పైగా పిల్లలు వచ్చారు. అందరూ కూర్చునే చోట కాకుండా గోలు వెనక నిలబడ్డాను. అక్కడి నుంచి బంతి లేనివాడు ఏం చేస్తున్నాడో కనపడుతుంది. మైపాడు పక్కన ఒక పాలెం నుంచి నలుగురు వచ్చారు. అందులో ఒక బక్కపలుచని పిల్లవాడు బంతి తన దగ్గరికి వచ్చే లోపల రెండు మూడు సార్లు మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. ఐరోపాలో పెద్ద పెద్ద మిడ్‌ఫీల్డర్లకు చిన్ననాటి నుంచి పనిగట్టుకుని నేర్పే విద్య అది. దగ్గరికి పిలిచి ఎవరు నేర్పారని అడిగాను. "ఎవరూ నేర్పలేదు సార్. మా దగ్గర ఒక పక్క గీత ఉండదు, సముద్రం ఉంటుంది. వెనక అల వస్తుందో లేదో చూసుకోకపోతే బంతి పోతుంది. బంతి పోతే ఈది తేవలసింది నేనే" అన్నాడు.

ఆ నలుగురినీ కలిపి తీసుకున్నాను, నలుగురినీ మధ్యలో వాళ్ళకు అలవాటైన చోట్లలోనే నిలబెట్టాను, శిబిరంలో కార్నర్లూ ఫ్రీ కిక్కులూ తప్ప మరేమీ చేయించలేదు. సెమీఫైనల్ దాకా వెళ్ళాం. వాళ్ళకు చోటివ్వడానికి, ఒక పెద్దమనిషి సిఫారసు చేసిన పిల్లవాణ్ణి వదిలేశాను. ఆ తర్వాత ఏడాది నన్ను పిలవలేదు, అది వేరే కథ.

ఇక మన దేశపు కథకు వస్తే, ఏరే కన్ను అంటే ఏమిటో తెలియడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తి రీత్యా బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా భారత జట్టును నడిపారు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ లెక్క మన జట్టుకు మళ్ళీ ఎవరూ అందించలేదు. 1962లో జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం ఆయన్ను తీసుకెళ్ళి ముందువరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీఫైనల్లో గోలు కొట్టాడు, ఫైనల్లో అదే కొరియా మీద ఇంకొకటి కొట్టాడు. 2-1తో గెలిచాం, మొదటి గోలు పి.కె. బెనర్జీది. ఆ కొద్ది రోజుల్లో జర్నైల్‌కు కొత్తగా నేర్పిందేమీ లేదు. ఆయన దగ్గర ఏముందో రహీంకు తెలుసు, అంతే.

ఈ కథ చెప్పగానే "చూశారా, మనవాడే కావాలి" అనేవాళ్ళు లేస్తారు. ఆగండి. స్వదేశీ, విదేశీ అన్న తగాదా నాకు పెద్దగా రుచించదు. 2022 దాకా ప్రపంచ కప్పు గెలిచిన ప్రతి జట్టుకూ సొంత దేశపు కోచే ఉన్నాడన్నది నిజం. కానీ ఆ దేశాల్లో మంచి కోచ్‌లకు కొదవ లేదు, మన పరిస్థితికి ఆ లెక్క పనికిరాదు. ఇంగ్లండ్ వాడు బాబ్ హౌటన్ 2006 నుంచి 2011 దాకా ఉండి, 27 ఏళ్ళ తర్వాత మనల్ని ఆసియా కప్పులో నిలబెట్టాడు. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ 2015లో రెండోసారి వచ్చేనాటికి మన ర్యాంకు 170 దాటి ఉంది, 2017లో 96కు తెచ్చాడు. 2019 ఆసియా కప్పులో థాయ్‌లాండ్‌ను 4-1తో కొట్టాం. వియత్నాంకు దక్షిణ కొరియా నుంచి 2017లో పార్క్ హాంగ్ సియో వచ్చాడు. సీనియర్ జట్టుతో పాటు అండర్-23 జట్టునూ తనే పట్టుకున్నాడు కాబట్టి కుర్రవాళ్ళలో ఎవరు ఎప్పుడు పైకి వస్తారో ఆయనకు తెలిసింది. మరుసటి ఏడాదే ఆగ్నేయాసియా కప్పు వాళ్ళది.

విదేశీ అన్న మాట వింటేనే ముఖం చిట్లించేవాళ్ళకు మా వైపు నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. మన ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్ళి అక్కడ మన ఊరి పేరుతోనే "నెలోర్" అయి కూర్చుంది. ఇప్పుడు ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఆ జాతే. ఫుట్‌బాల్ రాజ్యంలో నెల్లూరు పేరు నిలబెట్టింది ఇప్పటిదాకా ఎద్దులే, మనుషులం కాదు! ఎండను తట్టుకుంటుంది, దొరికిన గడ్డి తింటుంది, అక్కడికి అలాంటిదే కావాలి కాబట్టి నిలిచింది. కోచ్ విషయంలోనూ నేను చూసేది అదే. మన దగ్గర దొరికే గడ్డి ఆయనకు అరుగుతుందా?

ఆ గడ్డి ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే కోచ్‌లందరూ తట్టుకుని పడేది ఇక్కడే. మన దేశపు పెద్ద లీగు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో జట్లు ఒకేసారి నలుగురు విదేశీ ఆటగాళ్ళను మైదానంలో దింపుతూ వచ్చాయి. డబ్బు పోసి తెచ్చుకున్నవాణ్ణి ఎక్కడ ఆడిస్తారు? గోల్స్ కొట్టే చోట, గోల్స్ ఆపే చోట. కాబట్టి క్లబ్బుల్లో సెంటర్ ఫార్వర్డ్ విదేశీయుడు, వెనక నడుమ నిలబడే డిఫెండర్ విదేశీయుడు, మన కుర్రవాళ్ళు అంచుల్లో పరిగెత్తుతుంటారు. జాతీయ జట్టు శిబిరంలో కోచ్ లెక్క చూసుకుంటే అంచున ఆడేవాళ్ళు అరడజను మంది, నడుమన గోలు కొట్టేవాడు ఒక్కడూ లేడు. మన జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో ఆడి సెలవు తీసుకున్నాడు. అప్పటికి 94 గోల్స్. తొమ్మిది నెలలు తిరిగేసరికి, నలభై ఏళ్ళ వయసులో, ఆయన్ను వెనక్కి పిలవవలసి వచ్చింది. వచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోలు కూడా కొట్టాడు. దీన్ని ఛెత్రీ గొప్పతనంగా రాసుకున్నారు, అది నిజమే. నాకు మాత్రం కొట్టు ఖాళీ అయిన సంగతి కనపడింది.

ఆ పిలిచిన కోచ్ స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్. అసమర్థుడేమీ కాదు, 2021-22లో హైదరాబాద్ జట్టుతో ఐఎస్ఎల్ గెలిచినవాడు, మన ఆటగాళ్ళను ఎరిగినవాడు. 2024 జూలైలో తీసుకున్నారు. కానీ గోవా క్లబ్బు పని కూడా ఆయనకే ఉంది. రెండు పడవల మీద కాళ్ళు. ఎనిమిది మ్యాచ్‌లలో ఒకటి గెలిచి, నాలుగు సమం చేసి, మూడు ఓడి ఏడాదికే వెళ్ళిపోయాడు. తన పని తాను చేయలేదని నేను అనను. క్లబ్బు కోచ్‌గా ఉన్నవాడు మిగతా క్లబ్బుల కుర్రవాళ్ళను ప్రత్యర్థులుగా చూస్తాడు, వచ్చే వారం వాణ్ణి ఎలా ఆపాలి అని. జాతీయ కోచ్ అదే కుర్రవాణ్ణి ఎలా వాడుకోవాలి అని చూడాలి. ఒకే కంటితో రెండూ కుదరవు. కాబట్టి నా మొదటి షరతు: ఇంకో ఉద్యోగం ఉన్నవాడు వద్దు.

దరఖాస్తుల సంగతికి వద్దాం. 2025 జూలైలో ఆ ఖాళీ కోసం 170 మంది దరఖాస్తు చేశారు. అందులో స్పెయిన్ మహానుభావుడు జావి పేరు కూడా ఉందని పత్రికలు ఊదరగొట్టాయి. మా వీధి టీకొట్టు దగ్గర రెండు రోజులు పండుగే. ఆ దరఖాస్తు అసలుది కాదని మన దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషనే ఆ తర్వాత చెప్పింది. ఎవరో పిల్లకాయ పంపిన ఉత్తరానికి అంత సంబరం జరిగిందంటే, మనం కోచ్ కోసం వెతుకుతున్నామా, పేరు కోసం వెతుకుతున్నామా?

పేర్ల జాబితా చూసి మురిసిపోకుండా ఎలా పరీక్షించాలి? పెళ్ళి వంటకు వచ్చిన మంచి వంటమాస్టారు ముందు బియ్యం బస్తా విప్పించి, నాలుగు గింజలు నోట వేసుకుని కొరుకుతాడు. కొత్తవా పాతవా, ఎసరు ఎంత పట్టాలి అన్నది అక్కడే తేలుస్తాడు. నిరుడు ఏ పెళ్ళిలో ఎన్ని వందల మందికి వండాడో ఆ తర్వాత అడగవచ్చు. నేను కోచ్ ముందు పెట్టే బస్తా ఒక మ్యాచ్ వీడియో. 2024 మార్చి 26, గువాహటి, అఫ్గానిస్తాన్‌తో ప్రపంచ కప్పు అర్హత పోటీ. ఛెత్రీకి 150వ మ్యాచ్. 38వ నిమిషంలో ఆయన పెనాల్టీతో మనం 1-0. 70వ నిమిషంలో వాళ్ళు సమం చేశారు, 88వ నిమిషంలో పెనాల్టీతో గెలిచారు. 60వ నిమిషం దగ్గర వీడియో ఆపుతాను. "అయ్యా, ఇక్కడ మీరుంటే ఏం చేస్తారు? ఎవరిని దింపుతారు, ఎవరిని తీస్తారు?" అని అడుగుతాను. జవాబు సరైనదా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. మన బెంచీ మీద ఎవరున్నారో ఆయనకు తెలుసా, ఎవరు అలసిపోయారో పట్టుకోగలిగాడా? "మనస్తత్వం మారాలి, గెలవాలన్న కసి రావాలి" అని మొదలుపెడితే కాఫీ ఇచ్చి పంపేస్తాను.

రెండో ప్రశ్న: ఫోను పక్కన పెట్టి 23 మంది పేర్లు రాయమంటాను. మొదటి పదకొండు మంది పేర్లు ఎవరైనా రాస్తారు. కుడి వెనక ఆడే మూడోవాడు ఎవరు, రెండో గోల్ కీపర్‌కు గాయమైతే ఎవరు? అక్కడ కలం ఆగితే ఆయన మన లీగు చూడలేదన్నమాట. విదేశీయుడైతే చూసి ఉండనక్కరలేదని అనుకోవచ్చు. నేను ఒప్పుకోను. ఉద్యోగం అడగడానికి వచ్చేముందు పది మ్యాచ్‌లు చూడని మనిషి ఉద్యోగం వచ్చాక చూస్తాడా?

మూడోది కొంచెం ఇబ్బందికరమైన ప్రశ్న. వదిలేసిన పెద్ద ఆటగాడి పేరు ఒకటి చెప్పి, ఎందుకు వదిలారని అడుగుతాను. మొరాకో సంగతి గుర్తు చేసుకో. 2022 ఆగస్టులో, ప్రపంచ కప్పుకు మూడు నెలల ముందు, వలీద్ రెగ్రాగీని కోచ్‌గా పెట్టారు. అంతకు ముందున్న కోచ్ హకీమ్ జియెష్‌తో తగవు పడి అతణ్ణి దూరం పెట్టాడు. రెగ్రాగీ వస్తూనే అతణ్ణి వెనక్కి పిలిచాడు. మూడు నెలల్లో కొత్త ఆట ఏదీ నేర్పలేదు. ఉన్నవాళ్ళలో తగినవాళ్ళను ఏరి, తగిన చోట నిలబెట్టాడు. ఆఫ్రికా నుంచి సెమీఫైనల్ చేరిన మొదటి జట్టు అది. పిలవడానికి ఎంత గుండె కావాలో, వద్దనడానికీ అంతే కావాలి. రాత్రి తొమ్మిదింటికి ఫోను వస్తుంది, "మావాణ్ణి కొంచెం చూడండి" అని. జిల్లా జట్టుకే వచ్చింది, దేశపు జట్టుకు రాదా?

ఇక ఘన చరిత్ర సంగతి. అర్జెంటీనా 2018లో స్కలోనీని తాత్కాలికంగా కూర్చోబెట్టినప్పుడు ఆయన అంతకు ముందు ఏ సీనియర్ జట్టుకూ ప్రధాన కోచ్‌గా చేయలేదు. 2021లో కోపా అమెరికా, 2022లో ప్రపంచ కప్పు. మన ఖాలిద్ జమీల్ దగ్గరా కోచ్‌గా పెట్టేనాటికి విదేశీ పతకాలు లేవు. కానీ 2016-17లో ఐజ్వాల్ జట్టుతో దేశపు లీగుల్లో ఒకటైన ఐ-లీగ్ గెలిచాడు, అంతకు ముందు ఏడాది కింది స్థాయికి దిగిపోయి మళ్ళీ అవకాశం దొరికిన జట్టది. ఖరీదైన ఆటగాళ్ళు లేకుండా గెలవడం అంటే ఏరడం వచ్చిన మనిషే. 2025 ఆగస్టు 1న ఆయన్ను జాతీయ కోచ్‌గా ప్రకటించినప్పుడు నాకు సంతోషమే అయింది.

"మరి ఏమైంది?" అంటావు. నిజమే, అక్టోబరులో గోవాలో సింగపూర్ మీద ఒక గోలు ముందుండి 2-1తో ఓడి ఆసియా కప్పు దారి మూసుకున్నాం. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0. నా సూత్రం తప్పిందా అని నేనూ ఆలోచించాను. ఆ గ్రూపులో ఒక్క జట్టే ముందుకు వెళ్తుంది. ఆయన వచ్చేనాటికే రెండు మ్యాచ్‌లు అయిపోయి చేతిలో ఒక్క పాయింటు ఉంది. గోవాలో రెండో సగంలో మధ్యభాగం చెల్లాచెదురైనప్పుడు మార్పులు ఆలస్యం చేశాడని నాకు అనిపించింది, అది ఆయన తప్పే. మిగతా పాపం తలా పిడికెడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ప్రతిసారీ కోచ్‌ను మార్చడం అలవాటైపోయింది.

ఆ అలవాటుకు ఎంత ఖర్చయిందో కూడా చూడాలి. క్రొయేషియా వాడు ఇగోర్ స్టిమాచ్ 2019లో వచ్చాడు. 2023లో మూడు కప్పులు గెలిచాం: ఇంఫాల్‌లో ఒకటి, భువనేశ్వర్‌లో ఒకటి, బెంగళూరులో ఒకటి. మూడూ మన గడ్డ మీదే. ర్యాంకు 99కి వచ్చింది. అదే ఊపులో అక్టోబరులో ఒప్పందం 2026 దాకా పొడిగించారు. మూడు నెలల తర్వాత ఖతార్‌లో ఆసియా కప్పు. ఆస్ట్రేలియా 2, ఉజ్బెకిస్తాన్ 3, సిరియా 1. మనవి సున్నా, సున్నా, సున్నా. 2024 జూన్ 17న తీసేశారు, పేచీ వచ్చింది, చివరికి 4 లక్షల డాలర్లు ఇచ్చి తెంచుకున్నారు. మన డబ్బులో మూడు కోట్లు దాటింది. ఆ డబ్బుతో ఎన్ని జిల్లాలకు బంతులూ గోలు వలలూ వచ్చేవో నేను లెక్క వేయను, రక్తపోటు మాత్ర ఇప్పుడే వేసుకున్నాను.

ఒప్పందం ముందే జాగ్రత్తగా రాసుకోవాలన్నది ఎవరికైనా తెలుసు. నేను అందులో చేర్చేది రెండు మాటలు. ఇంటి దగ్గర గెలిచిన కప్పు చూసి పొడిగింపు ఇవ్వకూడదు, మనకన్నా పై ర్యాంకు జట్టుతో బయట ఎలా ఆడాడో చూసి ఇవ్వాలి. రెండోది, నెలకు ఇన్ని లీగు మ్యాచ్‌లు మైదానానికి వెళ్ళి చూడాలని లెక్క రాయించాలి. టీవీలో బంతి వెంటే కెమెరా పోతుంది, బంతి లేనివాడు ఎప్పుడు మెడ తిప్పాడో కనపడదు. శిబిరంలో ఎంతసేపు అరిచాడన్న దానికి జీతం అక్కరలేదు.

చివరలో నువ్వు ఇంకో మాట అడిగావు, తెలుగు నేల నుంచి మళ్ళీ జాతీయ కోచ్ వస్తాడా అని. రహీం తర్వాత హైదరాబాద్ నుంచి సయ్యద్ నయీముద్దీన్ ఆ పని చేశాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ ఆయన. ఆ తర్వాత ఆ కుర్చీలో మనవాళ్ళు లేరు. రావాలంటే కోచ్‌లకిచ్చే లైసెన్సుల్లో డి నుంచి మొదలుపెట్టి సి, బి, ఎ దాటి ప్రో దాకా ఎక్కాలి. ఏళ్ళు పడుతుంది, డబ్బూ పడుతుంది. నీకు ఆ ఆలోచన ఉన్నట్టు నీ ఉత్తరం చూస్తే తెలుస్తూనే ఉంది.

మైపాడు పక్క పాలెం పిల్లవాడు, అదే అలను చూసి మెడ తిప్పినవాడు, ఇప్పుడు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఎంపికల రోజున పని కట్టేసి నాతో పాటు గోలు వెనక నిలబడతాడు. మొన్న ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఇద్దరికీ వాదన వచ్చింది. ఆత్మకూరు నుంచి వచ్చిన ఎడమకాలి కుర్రవాడు కావాలని నేను, వాడు బంతి పోగొట్టుకున్నాక నడుస్తున్నాడు సార్, వద్దు అని అతను. ఎటూ తేలలేదు. ఆ కుర్రవాణ్ణి వచ్చే ఆదివారం ఆరింటికి మళ్ళీ రమ్మన్నాం. కావలి నుంచి తెల్లవారుజామున బస్సులుంటాయి, నువ్వూ వచ్చి చూసి చెప్పు.